డీవీ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కనప్పుడు

ఏన్కూరు నుంచి ఒకవైపు తల్లాడ మీదుగా ఖమ్మం పోతాం, ఇంకోవైపు జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం. అడవి అంచున ఉన్న ఈ మండలంలో 2000 తర్వాతి పదేళ్లలో పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో, తండాలో తీజ్ పండుగకో వీడియో తీయించినవాళ్లు బీరువా పైఅర వెతికితే ఆరున్నర సెంటీమీటర్ల పొడవున్న చిన్న క్యాసెట్ దొరకవచ్చు. అదే మినీడీవీ. భుజం మీద పెట్టుకునే పానాసోనిక్ ఎండీ 9000, ఎండీ 10000, చేత్తో పట్టుకునే సోనీ పీడీ 170 కెమెరాలు మన వీడియోగ్రాఫర్లకు బాగా తెలిసినవే. అవన్నీ ఈ క్యాసెట్ మీదే తీసేవి. ఇంటివాళ్ల చేతికి వచ్చింది మాత్రం డీవీడీయో వీసీడీయో. అది అసలును బాగా కుదించి చేసిన నకలు. అసలు బొమ్మ క్యాసెట్‌లోనే ఉండిపోయింది.

దాన్ని బయటికి తీసే గడువు దగ్గరపడింది. ఈ క్యాసెట్ వాడే డీవీ పద్ధతి 1995లో వచ్చింది. సోనీ 2025 ఫిబ్రవరితో మినీడీవీ క్యాసెట్ల తయారీ ఆపేసింది. కెమెరాలు అంతకు చాలా ముందే ఆగిపోయాయి. టేపుల మీదున్న రికార్డింగులను మార్చుకోవడం 2025 దాటాక చాలా కష్టమవుతుందని యునెస్కో తరఫున 2020లో వచ్చిన నివేదిక హెచ్చరించింది. టేపు చెడిపోకముందే దాన్ని చదివే యంత్రాలు, ఆ యంత్రాలను బాగుచేసే మెకానిక్కులు కరువవుతారన్నది అందులోని అసలు భయం.

ఇది పెళ్లి వీడియోలతో పోయే విషయం కాదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను డోలి వాయిస్తూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అలాంటివాళ్ల పాటలు తరాలుగా నోటి మీదే నడిచాయి. ఏ గూడెంలో, ఏ జాతరలో, ఎవరి కెమెరాకు అలాంటి గొంతు చిక్కిందో క్యాసెట్ పెట్టి చూస్తేగాని తెలియదు. అందుకే ఈ పని ఎక్కడ ఆగిపోతుందో, ఆగినప్పుడు ఏం చూడాలో తీరిగ్గా చెప్పుకోవడం అవసరం అనుకుంటున్నాను.

ముందు ఒక సంగతి మనసుకెక్కాలి. డీవీ టేపు మీద ఉన్నది డిజిటల్ సమాచారమే అయినా, పెన్‌డ్రైవ్‌లోంచి ఫైలు కాపీ చేసినట్టు అది రాదు. కెమెరా టేపును తిప్పుతూ ఉంటే, వచ్చే ధారను కంప్యూటర్ పట్టుకుని రాసుకోవాలి. దీన్నే క్యాప్చర్ అంటారు. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది. ఫైలు కాపీలో ఒక ముక్క తప్పిపోతే కంప్యూటర్ మళ్లీ అడుగుతుంది, ఇక్కడ అలా అడగడం ఉండదు. ఆ క్షణంలో టేపు సరిగ్గా చదవబడకపోయినా, వైరు కదిలినా, హార్డ్ డిస్కు వెనకబడినా ఆ ఫ్రేము పోయినట్టే. క్యాప్చర్‌లో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

కాబట్టి బొమ్మలో గళ్లు పడ్డా, ధ్వని తెగినా మొదట చేయవలసిన పరీక్ష ఒకటే. టేపును కాస్త వెనక్కి తిప్పి అదే భాగాన్ని మళ్లీ క్యాప్చర్ చేయండి. ఫ్రేము లెక్కతో సహా సరిగ్గా అదే చోట, అదే తీరులో గళ్లు పడితే లోపం టేపు మీద ఉంది. ఈసారి వేరే చోట పడితే లోపం దారిలో ఉంది. అంటే టేపును చదివే హెడ్డులోనో, వైరులోనో, కంప్యూటర్‌లోనో. వాటిలో ఎక్కడో తేలాలంటే రెండో పరీక్షగా కెమెరా తెర మీద చూడండి. కెమెరా చిన్న తెర మీద బొమ్మ శుభ్రంగా నడుస్తూ కంప్యూటర్‌లోనే తెగుతుంటే కెమెరాను, టేపును తప్పుపట్టే పని లేదు. కెమెరా తెర మీదే గళ్లు కనిపిస్తే కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ మార్చినా ఫలితం ఉండదు. ఈ రెండు పరీక్షలు చేయకుండా వైర్లు, కార్డులు కొనుక్కుంటూ పోతే డబ్బు పోతుంది, దానికన్నా ముఖ్యం, పాత టేపు అనవసరంగా అరుగుతుంది.

కెమెరా తెర మీదే గళ్లు పడ్డాయనుకుందాం. ఎక్కువసార్లు కారణం హెడ్డుకు పట్టిన మురికి. డీవీ కెమెరాలో చిన్న డ్రమ్ము నిమిషానికి 9000 చుట్లు తిరుగుతుంది. దాని మీద ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్లు పావు అంగుళం వెడల్పున్న టేపు మీద ఏటవాలుగా సన్నటి గీతలు చదువుతాయి. ఒక్కో గీత వెడల్పు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఒక్క ఫ్రేముకు అలాంటి గీతలు 12. ఒక హెడ్డు ఒకటి చదివితే రెండోది తర్వాతిది చదువుతుంది. అందుకని ఒక్క హెడ్డుకు మురికి పడితే బొమ్మ అడ్డంగా పట్టీలు పట్టీలుగా చీలుతుంది, ఒక పట్టీ కదులుతుంటే దాని కింద పట్టీ నిలిచిపోయి ఉంటుంది. ఈ లక్షణం కనిపిస్తే టేపు బాగానే ఉందని నమ్మకం పెట్టుకోవచ్చు. రెండు హెడ్లూ మూసుకుపోతే తెర నీలంగా వస్తుంది. ఆ నీలం తెర చూసి క్యాసెట్ ఖాళీ అనుకుని పారేయకండి. ముందు హెడ్డు తుడిపించి చూడండి.

హెడ్డు తుడవడానికి పొడి క్లీనర్ క్యాసెట్ వాడాలి. పెట్టి పది సెకన్లకు మించి నడపకూడదు. అది గరుకుగా ఉంటుంది, ఎక్కువ నడిపితే హెడ్డే అరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పి వాడకూడదు. దూదిపుల్లతో సొంతంగా హెడ్డును తుడవడానికి పోకండి, పోగు ఒకటి తగులుకుంటే హెడ్డు విరుగుతుంది. క్లీనర్‌తో లొంగకపోతే మెకానిక్కు దగ్గరికే.

మన ప్రాంతంలో ఇంకో శత్రువు ఉంది. అడవి దగ్గర వానాకాలం తేమకు టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్‌కున్న చిన్న కిటికీలోంచి వెలుతురులో చుట్ట అంచును చూడండి. తెల్లటి పొడిలాగో, దారాల్లాగో కనిపిస్తే ఆ క్యాసెట్‌ను కెమెరాలో పెట్టకండి. ఒక్కసారి నడిపితే బూజు టేపు పొరను పీకుతుంది, హెడ్డును మూస్తుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకు కూడా అంటుకుంటుంది. అలాంటివాటిని విడిగా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచి, టేపు శుభ్రంచేసే అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలి. చూడటానికి శుభ్రంగా ఉన్నా ఏళ్ల తరబడి కదలని క్యాసెట్‌ను మాత్రం క్యాప్చర్‌కు ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి తిప్పండి. చుట్ట బిగుతు సమానమై టేపు నిలకడగా నడుస్తుంది.

తేమ ఇంకో రూపంలోనూ అడ్డొస్తుంది. ఏసీ గదిలో ఉన్న కెమెరాను జూలై ఉక్కలోకి తెస్తే లోపలి డ్రమ్ము మీద నీటి తడి పడుతుంది. తడి డ్రమ్ముకు టేపు అంటుకుంటుంది కాబట్టి కెమెరా తనంతట తానే ఆగిపోతుంది. సోనీ కెమెరాల్లో తెర మీద సి:21 తో మొదలయ్యే సంకేతం వస్తుంది. అది చెడిపోయిందనడానికి గుర్తు కాదు. క్యాసెట్ తీసి, మూత తెరిచి గంటసేపు వదిలేస్తే సరిపోతుంది. సి:22 వస్తే హెడ్డు తుడవమని. సి:31, సి:32 వస్తే లోపలి యంత్ర భాగంలో ఇబ్బంది. బ్యాటరీ, అడాప్టర్ తీసేసి కాసేపటికి మళ్లీ పెట్టి చూడండి, అప్పటికీ అదే వస్తే విలువైన క్యాసెట్ ఏదీ అందులో పెట్టవద్దు. టేపు లోపల చిక్కుకుంటే లాగవద్దు. టేపు ముడతపడిన చోట ఉన్న బొమ్మ మళ్లీ రాదు.

ఎండ సంగతి కొత్తగూడెం చుట్టుపక్కలవాళ్లకు చెప్పనక్కరలేదు. రేకుల ఇంటి అటక మీద వేసవిలో పెట్టిన క్యాసెట్‌లో టేపు సాగుతుంది, వంకర పోతుంది. ఇక వరద. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అంతకుముందు 1986లో 75.6 అడుగులు. ఆ నీళ్లలో మునిగిన క్యాసెట్లు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే, ఎండబెట్టి కెమెరాలో పెట్టి చూడటమనే పొరపాటు మాత్రం చేయకండి. బురద ఒక్క రేణువు చాలు హెడ్డును గీరడానికి. వాటిని కూడా నిపుణులకే వదిలేయాలి.

టేపు శుభ్రంగా ఉంది, హెడ్డు శుభ్రంగా ఉంది, అయినా ఒక్క క్యాసెట్ మాత్రం గళ్లు గళ్లుగా వస్తోందంటే అది ఎల్‌పీ వేగంలో తీసిందేమో చూడాలి. 60 నిమిషాల క్యాసెట్‌లో 90 నిమిషాలు పట్టించడానికి కొందరు ఎల్‌పీ వాడేవారు. అందులో గీత వెడల్పు 6.7 మైక్రాన్లకు తగ్గుతుంది. అంత సన్నటి గీతను తీసిన కెమెరా చదివినట్టు వేరే కెమెరా చదవలేకపోవచ్చు. తీసినవాళ్లను వెతికి ఆ కెమెరానే అడగడం మంచి దారి. లేదంటే రెండు మూడు వేర్వేరు కెమెరాల్లో నడిపి చూడాలి. పీడీ 170లో డీవీక్యామ్ పద్ధతిలో తీసి ఉంటే ఇంకో తేడా. అదే 60 నిమిషాల క్యాసెట్‌లో 40 నిమిషాలే ఉంటుంది, కాబట్టి వీడియో మధ్యలో తెగిపోయిందని కంగారు పడకండి.

ఇక కంప్యూటర్ వైపు. కెమెరాకు పక్కన డీవీ అనో ఐ.లింక్ అనో రాసి ఉన్న చిన్న నాలుగు పిన్నుల సాకెట్ ఉంటుంది. దాన్ని ఫైర్‌వైర్ అంటారు. అసలు బొమ్మ ఉన్నదున్నట్టు బయటికి వచ్చే దారి అది. కొన్ని కెమెరాలకు యూఎస్‌బీ సాకెట్ కూడా ఉంటుంది గాని, చాలావాటిలో అది ఫోటోలకో, తక్కువ నాణ్యత బొమ్మకో మాత్రమే. అమ్మకానికి దొరికే ఫైర్‌వైర్-యూఎస్‌బీ వైర్ల జోలికి అసలు వెళ్లకండి. ఒక చివర ఫైర్‌వైర్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్నంత మాత్రాన ఆ రెండూ మాట్లాడుకోవు. మధ్యలో మార్చే చిప్పు లేని ఆ వైరుతో క్యాప్చర్ జరగదు. పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించి దానిలో ఫైర్‌వైర్ కార్డు పెట్టుకోవడం చవకైన, నమ్మకమైన దారి. వైరు పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపి పెట్టండి. ఆరు పిన్నుల కొనలో కరెంటు ఉంటుంది, తిరగేసి నెడితే కెమెరా డీవీ సాకెట్ కాలిపోతుంది. కాలిన సాకెట్‌ను బాగుచేసేవాళ్లు అరుదు.

కెమెరాను ప్లే లేదా వీసీఆర్ వైపు తిప్పాలి, అడాప్టర్ మీద నడపాలి. క్యాసెట్ వెనకంచున ఉన్న చిన్న గడియను సేవ్ వైపు జరపడం మరవకండి. అది జరిపి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా టేపు మీద ఏదీ చెరగదు.

కెమెరా ఆన్ అయినా కంప్యూటర్ గుర్తించకపోతే విండోస్‌లో డ్రైవర్ చూడాలి. విండోస్ 8 నుంచి పాత ఫైర్‌వైర్ డ్రైవర్‌ను తీసేశారు. పేరు చివర లెగసీ అని ఉండే ఆ డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చింది. దాన్ని వేసి, డివైస్ మేనేజర్‌లో ఫైర్‌వైర్ కార్డుకు దాన్నే ఎంచుకుంటే చాలాసార్లు కెమెరా కనిపిస్తుంది. విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఈ పనికి చాలు. ఆపిల్ 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో నుంచి ఫైర్‌వైర్‌కు సెలవిచ్చింది, మ్యాక్ మీద చేయాలంటే పాత యంత్రమే. నా మాట అడిగితే లినక్స్ వేసుకోమంటాను. అందులో ఫైర్‌వైర్ బాధ్యత చూసే ఇంజినీరు 2029 వరకు దాన్ని నిలబెడతానని ప్రణాళిక ప్రకటించారు. డీవీగ్రాబ్ అనే ప్రోగ్రామ్ డ్రైవర్ల గొడవ లేకుండా పట్టుకుంటుంది.

క్యాప్చర్ మొదలై మధ్యలో ఆగిపోతుంటే ఎన్ని నిమిషాలకు ఆగుతోందో గమనించండి. డీవీ ధార సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లు, గంటకు 13 జీబీ. ప్రతిసారీ 20 నిమిషాల దగ్గర ఆగితే హార్డ్ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకోవాలి. ఫార్మాట్ చేసి మార్చితే డిస్కులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు వేరేచోట దాచుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు ఫ్రేములు జారిపోతుంటే డిస్కు వెనకబడుతోందని అర్థం. కంప్యూటర్ లోపలి డిస్కులోకే పట్టండి, యాంటీవైరస్, ఇంటర్నెట్ ఆపండి, కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి. కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ లేకుండా ఈ పనికి కూర్చోవద్దు.

ప్రతిసారీ ఒకే దృశ్యం దగ్గర ఆగితే మాత్రం కారణం టైమ్‌కోడ్. కెమెరా ప్రతి ఫ్రేముకు ఒక అంకె రాస్తుంది. వీడియోగ్రాఫర్ మధ్యలో తీసింది చూసుకుని, కాస్త ఖాళీ వదిలి మళ్లీ రికార్డు నొక్కితే ఆ అంకె సున్నా నుంచి మొదలవుతుంది. కొన్ని ప్రోగ్రామ్‌లు అక్కడ టేపు అయిపోయిందని ఆగిపోతాయి. ఆ ఖాళీ దాటించి మళ్లీ మొదలుపెట్టాలి. పెళ్లి అయిపోయి తెర నీలంగా మారినా వెంటనే ఆపకండి. ఒకే క్యాసెట్ మీద ఒకదాని తర్వాత ఒకటి తీయడం స్టూడియోల్లో జరిగేదే. ఈ పెళ్లి చెరపని చివరి పావుగంటలో అంతకుముందటి ఎవరిదో జాతర మిగిలి ఉండొచ్చు. అది కూడా పట్టి ఉంచండి.

ధ్వనిలో ఇబ్బంది వస్తే మొదట అడగవలసింది 12 బిట్లా, 16 బిట్లా అని. డీవీలో ధ్వనికి రెండు పద్ధతులున్నాయి. 16 బిట్లది సెకనుకు 48 వేల నమూనాలు తీస్తుంది, 12 బిట్లది 32 వేలు. ఒకే క్యాసెట్ మీద సగం ఒక పద్ధతిలో, సగం ఇంకో పద్ధతిలో తీసి ఉంటే, మొదటి సగం చూసి ఫైలు మొదలుపెట్టిన ప్రోగ్రామ్ రెండో సగంలో గొంతును సాగదీస్తుంది, లేదంటే తొందరపెడుతుంది. మారిన చోట ఫైలును రెండు ముక్కలు చేస్తే గొంతు సరిపడుతుంది. పాట మొదట్లో పెదవులు కలిసి చివరికొచ్చేసరికి తప్పుతుంటే దారిలో ఫ్రేములు జారాయని అర్థం, ఆ క్యాసెట్ మళ్లీ పట్టాలి. ఎడిటింగ్‌లో గొంతును జరిపి సర్దడం కన్నా మళ్లీ పట్టడమే మేలు. డోలి పాటలో తాళం తప్పితే ఆ రికార్డింగు ఇక దేనికీ పనికిరాదు.

కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు కనిపించడం లోపం కాదు. డీవీ సెకనుకు 50 సగం బొమ్మలుగా తీస్తుంది, పాత టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపేది, కంప్యూటర్ రెండింటినీ కలిపి ఒకేసారి చూపుతుంది. ఫోన్ కోసం చేసుకునే కాపీలో వాటిని సరిచేసుకోవచ్చు. అసలు ఫైలును ముట్టుకోకండి.

అసలు ఫైలు ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి. టేపు మీద చదవలేని ముక్క వస్తే కెమెరా దాన్ని ముందు ఫ్రేములోని ముక్కతో పూడ్చి, పూడ్చానని ఒక గుర్తు కూడా డేటాలో పెడుతుంది. తీసిన రోజు తేదీ, సమయం కూడా అందులోనే ఉంటాయి. డీవీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ గుర్తులు చదివి, ఒకే క్యాసెట్‌ను రెండు మూడుసార్లు పట్టిన ఫైళ్లలోంచి బాగున్న ఫ్రేములను ఏరి ఒకటి చేస్తుంది. ఒకసారి ఎంపీ4గా కుదించేస్తే ఈ గుర్తులన్నీ పోతాయి, తర్వాత బాగుచేసే దారి మూసుకుపోతుంది.

సొంతంగా చేసుకోలేనివాళ్లు ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో స్టూడియోకు ఇస్తారు. ఇచ్చేముందు ఒక ప్రశ్న అడగండి. ఫైర్‌వైర్‌తో పడతారా, ఎరుపు తెలుపు పసుపు ఏవీ వైర్లతో పడతారా? ఏవీ వైర్లతో అంటే డిజిటల్ బొమ్మను ముందు మామూలు సిగ్నల్‌గా మార్చి మళ్లీ డిజిటల్ చేస్తున్నట్టు. డీవీ సాకెట్ కాలిపోయిన కెమెరాకు తప్ప ఆ దారి వద్దు. ఫైళ్లు చేతికి వచ్చాక సైజు చూడండి. గంట వీడియో 13 జీబీ దగ్గర ఉంటే అసలు వచ్చినట్టు. ఒకటి రెండు జీబీలే ఉంటే కుదించిన నకలు వచ్చిందని అర్థం, అసలు ఫైలు అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాట పడకండి.

ఒక టీబీ డిస్కులో 75 గంటలు పడతాయి. రెండు డిస్కులు కొని, ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి. ఫైళ్లు వచ్చాయని క్యాసెట్లు పారేయకండి, పొడిగా ఉన్న చోట నిలువుగా నిలబెట్టి ఉంచండి.

క్యాసెట్లు చాలా ఉంటే ఇప్పుడు లేని మనిషి గొంతున్నదాన్ని వరుసలో ముందు పెట్టండి. కెమెరా ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. పనిచేసే డీవీ కెమెరా మీ ఇంట్లోనో, మూతపడ్డ స్టూడియోలోనో ఉంటే పాత సామాను కింద అమ్మకండి. మీ పని అయ్యాక చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో క్యాసెట్లు ఉన్నవాళ్లకు ఇవ్వండి. వాళ్లు పట్టుకున్నాక తిరిగి తీసుకుని ఇంకొకరికి ఇవ్వండి.